మీకు తెలుసా? మోకాలు వాచినవాళ్లను మేకల సంగతి అడగాలి

మోకాలు వాచి, వేడెక్కి, మడవడానికి రాకపోతే ఇంట్లో ముందుగా వినిపించే మాటలు దెబ్బ తగిలిందా, గుజ్జు అరిగిందా, వాతమా అన్నవే. ఈ మూడూ కాక నాలుగోది ఒకటుంది. పశువుల నుంచి మనిషికి సంక్రమించే బ్రూసెల్లోసిస్. దానికి మందులున్నాయి. అవి పాతవి, చవకైనవి కూడా. అయినా డాక్టరు అనుమానించక, రోగి చెప్పక ఆ జబ్బు నెలల తరబడి మనిషిని కుంటిస్తుంది. దాని గురించి కొన్ని సంగతులు.

ఒక్క మోకాలే వాస్తుంది

బ్రూసెల్లా బ్యాక్టీరియా రక్తంలో కలిసి ఒంట్లో ఎక్కడికైనా వెళ్లగలదు. కానీ తిష్ఠ వేసేది ఎక్కువగా ఎముకల్లో, కీళ్లలో. పెద్దవాళ్లలో వెన్నుపూసలు, నడుము కింది కీళ్లు ఎక్కువగా దెబ్బతింటాయి. పిల్లల్లో, పడుచువాళ్లలో తుంటి, మోకాలు. చాలాసార్లు ఒక్క మోకాలే వాచి, రెండోది బాగానే ఉంటుంది. మామూలు చీము పట్టిన మోకాలైతే రెండు మూడు రోజుల్లోనే మనిషిని మంచం దిగనివ్వదు. ఇది తరచు నెమ్మదిగా నడుస్తుంది. పొద్దున కాస్త తేలిగ్గా ఉంటుంది, సాయంత్రానికి జ్వరం వస్తుంది, రాత్రి దుప్పటి తడిసేంత చెమట పడుతుంది. ఆకలి ఉండదు, ఒళ్లంతా నొప్పులు. క్రిమి ఒంట్లో చేరాక సాధారణంగా ఒకటి నుంచి నాలుగు వారాల్లో ఇవన్నీ మొదలవుతాయి, కొందరిలో నెలలు పడుతుంది. మేక ఈనేటప్పుడు చెయ్యి పెట్టి పిల్లను లాగిన సంగతి అప్పటికి ఎవరికి గుర్తుంటుంది?

ఆవు మోకాలు కూడా వాస్తుంది

ముందుకాళ్ల మోకాళ్ల మీద నీరు నిండి, నొప్పి పెద్దగా లేని ఉబ్బు ఉన్న ఆవుల్ని ఎప్పుడైనా చూశారా? పశువైద్యులు దాన్ని హైగ్రోమా అంటారు. గట్టి నేల మీద పదేపదే పడుకున్నా అలా వస్తుంది. కానీ మందలో చూడి పశువులు ఈసుకుపోతుంటే (గర్భస్రావం అవుతుంటే), అదే మందలో ఇలాంటి ఉబ్బులు కనిపిస్తుంటే పశువైద్యుడు మొదట అనుమానించేది బ్రూసెల్లోసిస్‌నే. ఆ నీటిలో క్రిములు ఉండవచ్చు. కాబట్టి సూదితో పొడిచి నీరు తీసే పని సొంతంగా చేయకూడదు.

మేకను అనుమానించడానికి 18 ఏళ్లు పట్టింది

మధ్యధరా సముద్రంలోని మాల్టా దీవి అప్పట్లో బ్రిటిష్ సైన్యానికి, నౌకాదళానికి స్థావరం. అక్కడి సైనికులు వారాల తరబడి వచ్చిపోయే జ్వరంతో, కీళ్ల నొప్పులతో ఆసుపత్రుల్లో పడి ఉండేవారు. 1887లో డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు ఆ జ్వరంతో చనిపోయినవారి ప్లీహం నుంచి క్రిమిని వేరుచేశాడు. ప్రయోగశాల పనిలో ఆయన భార్య మేరీ సాయం చేసేది. క్రిమి దొరికింది సరే, అది మనిషికి ఎక్కడి నుంచి వస్తోంది? గాలినీ నీళ్లనూ మురికినీ దోమనూ అన్నిటినీ అనుమానించారు. మేకను మాత్రం ఎవరూ అనుమానించలేదు. ఎందుకంటే మాల్టా మేకలు నిగనిగలాడుతూ, నిండుగా పాలిస్తూ ఉండేవి. కాపరులు వాటిని ఇంటి గడప దగ్గరికే తోలుకొచ్చి, చెంబు పెడితే అక్కడికక్కడే పిండి ఇచ్చేవారు.

1905లో తెమిస్టోక్లెస్ జామిట్ అనే మాల్టా డాక్టరు మేకల రక్తాన్ని పరీక్షించాడు. చూడటానికి ఏ రోగమూ లేని మేకల రక్తంలో ఆ జ్వరం ఆనవాళ్లు దొరికాయి. ఆ తర్వాత పాలలో క్రిమే దొరికింది. అదే ఏడాది మాల్టా మేకల్ని అమెరికాకు తీసుకెళ్తున్న జాషువా నికల్సన్ అనే ఓడలో, ఆ పాలు తాగిన సిబ్బంది జబ్బుపడటంతో సందేహం తీరిపోయింది. 1906లో సైనికుల తిండిలోంచి మేకపాలు తీసేశారు. దళాల్లో జ్వరం చూస్తుండగానే తగ్గిపోయింది. మందు దొరకడానికి ఇంకా దశాబ్దాలు పట్టే రోజుల్లో, పాలు మార్చి జబ్బును ఆపారు. ఈ జబ్బు చరిత్రలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించే ఘట్టం ఇదే. బ్రూస్ పేరు క్రిమికి మిగిలింది గానీ, ప్రాణాలు నిలబెట్టిన పని జామిట్‌ది.

టీబీ అనుకుని మందులు మొదలుపెడితే?

మన దేశంలో నెలల తరబడి ఒకే మోకాలు వాచి, సాయంత్రం జ్వరం వస్తుంటే ఎముకల డాక్టరుకు ముందుగా తట్టేది కీళ్ల టీబీ. అలా తట్టడంలో తప్పు లేదు, టీబీ మన దగ్గర అంత ఎక్కువ. చిక్కేమిటంటే రెండు జబ్బులూ చాలా వరకు ఒకేలా కనిపిస్తాయి. కీలు పొర ముక్క తీసి పరీక్షకు పంపితే రెండిటిలోనూ గ్రాన్యులోమా అనే కణాల గుంపులు కనిపించవచ్చు. పైగా టీబీ చికిత్సలో వాడే రిఫాంపిసిన్, ఒకప్పుడు ఎక్కువగా వాడిన స్ట్రెప్టోమైసిన్ బ్రూసెల్లా మీద కూడా పనిచేస్తాయి. కాబట్టి టీబీ మందులు మొదలుపెట్టగానే రోగి కాస్త కోలుకుంటాడు, అదే టీబీ అని అందరూ నమ్మేస్తారు. క్రిమి మాత్రం పూర్తిగా పోదు.

రెండో వైపు నుంచీ ప్రమాదం ఉంది. నిజంగా టీబీ ఉన్న మనిషికి బ్రూసెల్లోసిస్ అనుకుని రిఫాంపిసిన్ కలిపి ఇస్తే, టీబీ క్రిమి ఆ మందుకు లొంగకుండా మొండికేసే అవకాశం ఉంది. అందుకే జాగ్రత్తపరులైన డాక్టర్లు ఏ మందూ మొదలుపెట్టకముందే రెండు జబ్బులకీ నమూనాలు తీసుకుంటారు.

మోకాల్లోంచి తీసిన నీరు ఏం చెబుతుంది?

ఎక్స్‌రే తొలి వారాల్లో దాదాపు మామూలుగానే ఉంటుంది. రక్తపరీక్షల్లో ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ పెరుగుతాయి గానీ అవి ఏ వాపులోనైనా పెరిగేవే. తెల్లకణాలు పెరగకపోవచ్చు, కొందరిలో తగ్గుతాయి కూడా. చీము పట్టిన కీలుకు తెల్లకణాలు పెరగలేదంటే అక్కడే ఆగి ఆలోచించాలి. ఎంఆర్‌ఐ వాపు ఎంత వరకు పాకిందో చూపుతుంది, ఏ క్రిమి అన్నది చెప్పదు.

అసలు సాక్ష్యం మోకాల్లోని నీటిలో ఉంటుంది. మోకాలి చిప్ప పక్కన మత్తు ఇచ్చి, సూదితో ఆ నీరు తీస్తారు. మామూలు చీములో తెల్లకణాలు లెక్కకు మించి, ఎక్కువగా న్యూట్రోఫిల్స్ ఉంటాయి. బ్రూసెల్లా నీటిలో కణాల సంఖ్య తరచు అంతకన్నా తక్కువ, లింఫోసైట్లు ఎక్కువగా కనిపించవచ్చు. ఆ నీటిని మామూలు పళ్లెంలో కాకుండా రక్తం కల్చర్ చేసే సీసాలోకి ఎక్కిస్తే క్రిమి దొరికే అవకాశం పెరుగుతుంది. దానితోపాటు రక్తం కల్చర్ కూడా పంపాలి. ఇప్పటి యంత్రాల్లో బ్రూసెల్లా తరచు వారంలోపే పెరుగుతుంది. పాత పద్ధతుల్లో వారాలు పట్టేది. రెండు రోజులు చూసి ఏమీ పెరగలేదని ముగించేస్తే దొంగ చేతికి చిక్కి జారిపోయినట్టే. రక్తంలో దొరకకపోతే ఎముక మూలుగలో దొరకవచ్చు.

నాలుగు నిమిషాల పరీక్ష

రోజ్ బెంగాల్ పరీక్ష చూడముచ్చటగా ఉంటుంది. తెల్లటి పలక మీద రోగి సీరం ఒక చుక్క వేస్తారు, దాని పక్కనే గులాబీ రంగు పట్టించిన చచ్చిన బ్రూసెల్లా క్రిములున్న ద్రవం ఒక చుక్క. పుల్లతో రెండూ కలిపి, పలకను అటూ ఇటూ నెమ్మదిగా ఊపుతారు. రక్తంలో బ్రూసెల్లాకు విరుగుడుగా తయారైన యాంటీబాడీలు ఉంటే, నాలుగు నిమిషాల్లో ఆ గులాబీ ద్రవం విరిగి సన్నసన్న రేణువులుగా గుంపుకడుతుంది. లేకపోతే నున్నగా అలాగే ఉండిపోతుంది. కరెంటూ పెద్ద యంత్రాలూ అక్కర్లేని పరీక్ష. పశువులకూ ఇదే చేస్తారు.

రేణువులు కనిపిస్తే తర్వాతి మెట్టు ట్యూబు పరీక్ష. సీరాన్ని పలచన చేసుకుంటూ పోయి 1:160 దాకా గుంపుకడితే, లక్షణాలు కూడా ఉంటే జబ్బు ఉన్నట్టు భావిస్తారు. పశువులతోనే బతికే ప్రాంతాల్లో జబ్బు లేనివాళ్లకూ కొంత విరుగుడు ఉంటుంది కాబట్టి 1:320 చూడాలనే డాక్టర్లూ ఉన్నారు.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. యాంటీబాడీలు మరీ ఎక్కువగా ఉన్న సీరంలో, తక్కువగా పలచన చేసిన ట్యూబుల్లో గుంపుకట్టడమే జరగదు. మొదటి రెండు ట్యూబులు చూసి లేదని రాసేస్తే జబ్బు ఖాయంగా ఉన్న మనిషే తప్పిపోతాడు. అందుకే చివరి ట్యూబు దాకా వెళ్లాలి. ఇంకొకటి, కుక్కల నుంచి వచ్చే బ్రూసెల్లా కేనిస్ ఈ పరీక్షలకు దొరకదు. కుక్కలతో మెలిగే మనిషికి ఈ పరీక్షలో ఏమీ లేదని వచ్చినంత మాత్రాన ఊరట పడకూడదు.

ల్యాబుకు ముందుగా చెప్పాలి

ప్రయోగశాలల్లో పనిచేసేవాళ్లకు పని వల్ల అంటుకునే బ్యాక్టీరియా జబ్బుల్లో బ్రూసెల్లోసిస్ ముందు వరసలో ఉంటుంది. కల్చర్ పళ్లెం మూత తీసి వాసన చూసినా, తెరిచిన బల్ల మీద కదిలించినా క్రిమి గాలిలో కలిసి ముక్కులోకి పోతుంది. పదో వందో క్రిములు చాలు. కాబట్టి నమూనా చీటీ మీద బ్రూసెల్లా అనుమానం అని రాయడం డాక్టరు బాధ్యత. తెలియక తగిలితే ల్యాబు వాళ్లకు మూడు వారాలపాటు ముందుజాగ్రత్త మందులు ఇస్తారు.

అమెరికాలో ఆలిస్ ఈవాన్స్ కథ ఇక్కడ తలుచుకోవాలి. మాల్టా మేకల క్రిమీ, ఆవులు ఈసుకుపోవడానికి కారణమైన క్రిమీ దగ్గరి చుట్టాలేననీ, పచ్చిపాలు మనిషికి ప్రమాదమనీ ఆమె 1918లో ప్రచురించింది. పెద్దపెద్ద శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. ఆమెకు డాక్టరేటు లేకపోవడం, ఆమె ఆడమనిషి కావడం రెండూ వాళ్ల మాటల్లో దొర్లాయి. 1922లో ప్రయోగశాలలోనే ఆ జబ్బు ఆమెకు అంటుకుంది, ఏళ్ల తరబడి తిరగబెడుతూనే ఉంది. 1928లో అమెరికా బ్యాక్టీరియా శాస్త్రవేత్తల సంఘానికి అధ్యక్షురాలైంది, ఆ పదవి చేపట్టిన తొలి మహిళ ఆమే.

ఒక్క మందుతో ఎందుకు తగ్గదు?

బ్రూసెల్లా మన రక్షణ కణాల లోపలే దాక్కుని పెరుగుతుంది. తనను మింగిన కణంలోనే బతకడం నేర్చిన క్రిమి అది. అందుకే కణం లోపలికి చొరబడే మందు కావాలి, ఒకటికి రెండు కావాలి, ఎక్కువ రోజులు కావాలి. కీళ్ల చీముకు మామూలుగా ఇచ్చే క్లాక్సాసిలిన్ లాంటివి ఇక్కడ పనికిరావు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో సూచించిన పద్ధతి ఇప్పటికీ పునాది. డాక్సీసైక్లిన్ ఆరు వారాలు, దానికి తోడుగా ఆరు వారాలూ రిఫాంపిసిన్, లేదా మొదటి రెండు మూడు వారాలు స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు. స్ట్రెప్టోమైసిన్ బదులు జెంటామైసిన్ వారం పది రోజులు ఇచ్చే పద్ధతీ ఉంది. ఇంజెక్షన్ ఉన్న పద్ధతిలో జబ్బు తిరగబెట్టడం తక్కువ. రిఫాంపిసిన్ కలిపినప్పుడు రక్తంలో డాక్సీసైక్లిన్ మోతాదు తగ్గడం అందుకు ఒక కారణం. మాత్రలు మింగడం సులువని అందరూ రిఫాంపిసిన్ పద్ధతి కోరుకుంటారు గానీ, మోకాలు పట్టుకున్న జబ్బులో ఇంజెక్షన్ నొప్పి భరించడమే మేలు. అయితే ఆ ఇంజెక్షన్లు చెవినీ మూత్రపిండాలనూ దెబ్బతీయవచ్చు కాబట్టి డాక్టరు కనిపెట్టి చూస్తుండాలి. ఎముకకీ కీలుకీ పాకినప్పుడు, ముఖ్యంగా వెన్నుపూసలకు చేరినప్పుడు, చికిత్సను మూడు నెలల దాకా పొడిగిస్తారు. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు మందులు వేరు. వాళ్లకు రిఫాంపిసిన్, కోట్రైమాక్సజోల్ లాంటివి డాక్టరు చూసి ఇస్తారు.

రెండు వారాల్లో జ్వరం పోతుంది, మోకాలు తేలికపడుతుంది. చాలామంది మందులు ఆపేసేది సరిగ్గా అప్పుడే. తిరగబెట్టే కేసుల్లో ఎక్కువ భాగం మందు ఆపిన ఏడాదిలోపు వస్తాయి. రక్తపరీక్షలో సంఖ్య మాత్రం నెలల తరబడి ఎక్కువగానే ఉండవచ్చు. మనిషి కోలుకుంటుంటే ఆ అంకె చూసి బెంబేలు పడాల్సిన పని లేదు.

మోకాల్లో స్టెరాయిడ్ సూది

మోకాలి నొప్పికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ పట్టణాల్లో మామూలైపోయింది. అరుగుదల నొప్పికి అది కొన్నాళ్లు ఊరటనిస్తుంది. క్రిమి ఉన్న కీలులో వేస్తే వాపు కొన్నాళ్లు అణిగి, క్రిమి ఏపుగా పెరుగుతుంది. జ్వరం ఉందా, చెమటలు పడుతున్నాయా అని డాక్టరు అడగకుండా మోకాల్లో సూది వేయించుకోకండి.

కృత్రిమ మోకాలు పెట్టించుకున్నవాళ్లకూ ఈ జబ్బు వచ్చిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. లోహపు కీలు కదలకుండా ఉంటే మందులతోనే నయమైనవాళ్లున్నారు. వదులైతే దాన్ని తీసి, క్రిమి పోయాక కొత్తది పెడతారు.

గుమ్మపాలు, ఒంటెపాలు

పాలు కాచి తోడుపెట్టడం మన ఇళ్లలో పెద్ద రక్షణ. 72 డిగ్రీల వేడిలో 15 సెకన్లు ఉంటే చాలు, బ్రూసెల్లా చస్తుంది. పొంగు వచ్చేదాకా కాచిన పాలకు భయం లేదు. ఆవిరి మీద ఉడికిన జున్నుకూ లేదు. భయం పొదుగు దగ్గర పితికి అప్పటికప్పుడు తాగే గుమ్మపాలతో, బలమని పిల్లలకు పచ్చిగా పట్టే మేకపాలతో. గల్ఫ్‌లో గొర్రెలు, ఒంటెలు కాసే పనిలో ఉన్న తెలుగువాళ్లకు ఇంకో మాట. సౌదీ, కువైట్‌లలో ఈ జబ్బు ఎక్కువ, అక్కడ ఒంటెపాలు పచ్చిగా తాగే అలవాటుంది. సెలవు మీద ఇంటికొచ్చాక జ్వరంతో మోకాలు వాస్తే, ఎక్కడ పనిచేసి వచ్చారో డాక్టరుకు చెప్పండి.

పాల కన్నా మాయ ప్రమాదం

ఆవు, గేదె, మేక మాయలో ఎరిత్రిటాల్ అనే పదార్థం ఉంటుంది. బ్రూసెల్లాకు అది మంచి మేత. అందుకే చూడి పశువులో క్రిమి అక్కడ విపరీతంగా పెరిగి, ఈసుకుపోయేలా చేస్తుంది. ఆ ఉమ్మనీరు, మాయ, చచ్చిన దూడ క్రిములతో నిండి ఉంటాయి. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలో మొదటిది, ఆంధ్రప్రదేశ్ రెండోది. ఇన్ని మందల్లో ఈతల కాలంలో ఒట్టి చేతులతో పిల్లను లాగే కాపరులు, మాయ తీసే ఇంటి ఆడవాళ్లు ఎందరో లెక్కేసుకోండి. ఒక జత చేతి తొడుగులు, మాయను లోతుగా పూడ్చి సున్నం చల్లడం, పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవడం, ఇంతే కావలసింది.

మనుషులకు మన దగ్గర టీకా లేదు. పశువులకుంది. 1923లో ఒక ఆవు పాల నుంచి తీసిన క్రిమి ప్రయోగశాలలో గది వేడిలోనే ఉండిపోయి బలం కోల్పోయింది. అదే ఎస్-19 టీకా అయింది. 2019 సెప్టెంబరులో మథురలో ప్రారంభమైన జాతీయ కార్యక్రమం కింద 4 నుంచి 8 నెలల పెయ్యలకు, పడ్డలకు దాన్ని ఉచితంగా వేస్తున్నారు. జీవితంలో ఒక్కసారి వేస్తే చాలు. అది బతికున్న క్రిమి కాబట్టి టీకా వేసేవాళ్ల చేతికి సూది గుచ్చుకుంటే జబ్బు రావచ్చు. వెంటనే డాక్టరును కలవాలి. ఆర్‌బీ-51 అనే మరో రకం టీకా క్రిమి రిఫాంపిసిన్‌కు లొంగదు కనుక, ఏ టీకా గుచ్చుకుందో కూడా చెప్పాలి. 2019లోనే చైనాలోని లాన్‌జౌ నగరంలో టీకా ఫ్యాక్టరీ నుంచి క్రిమి గాలిలో కలిసి పది వేల మందికి పైగా సోకింది.

మోకాలు వాచి, సాయంత్రాలు జ్వరం వస్తుంటే, డాక్టరు అడిగినా అడగకపోయినా ఈ నాలుగు మాటలు మీరే చెప్పండి: ఇంట్లో ఏ పశువులున్నాయి, ఈమధ్య ఏదైనా ఈసుకుపోయిందా, ఈతలో చెయ్యి పెట్టారా, పచ్చిపాలు తాగారా. పశువు ఈసుకుపోతే పశువైద్యశాలకు కబురు పెట్టండి, మాయను ఒట్టి చేత్తో ముట్టకండి.